ఈసారి మనం ఎవరి పక్క?



2026 ఫిబ్రవరి 14న, శనివారం నాడు, ఇండియన్ సూపర్ లీగ్ మొదలవుతోంది. ఈ కబురు కోసం ఫుట్‌బాల్ ప్రేమికులు నెలల తరబడి కాచుకున్నారు. మామూలు సంవత్సరమైతే సెప్టెంబరులో ఆట మొదలయ్యేది. సంక్రాంతి నాటికి సగం దాటేది. ఈపాటికి ఏ జట్టు పైకి పోతోంది, ఏది కింద చిక్కుకుంది అని మేం లెక్కలు వేసుకుంటూ ఉండేవాళ్లం. ఈసారి అసలు ఆట జరుగుతుందా జరగదా అన్నదే లెక్క అయి కూర్చుంది.

జరిగింది ఇదీ. 2010 డిసెంబరులో మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య తన వ్యాపార హక్కులను పదిహేనేళ్లకు ఒక సంస్థకు ఇచ్చింది. ఒప్పందం విలువ 700 కోట్ల రూపాయలు. సూపర్ లీగ్ పుట్టింది ఆ ఒప్పందం మీదే. దాని గడువు 2025 డిసెంబరు 8తో తీరిపోతుందని అందరికీ ముందే తెలుసు. సమాఖ్య నియమావళి మీద సుప్రీంకోర్టులో విచారణ నడుస్తుండటంతో కొత్త ఒప్పందం కుదరలేదు. జులైలో లీగును నిలిపివేశారు. తర్వాత హక్కులకు టెండరు పిలిస్తే ఒక్కరు కూడా ముందుకు రాలేదు. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్ సింగ్ సంధూ, సందేశ్ జింగాన్ లాంటి ఆటగాళ్లు వీడియోలో కనిపించి, మా ఆటను కాపాడండి అని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్యకే మొరపెట్టుకున్నారు. దేశానికి అన్నేళ్లు కెప్టెన్‌గా ఉన్న ఛెత్రీ అలా చేతులు జోడించాల్సి రావడం చూసి నాకు చాలా కష్టమేసింది. ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లో అని మన వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ తర్వాత నాలుగు రోజులకు, జనవరి 6న, కేంద్ర క్రీడల మంత్రి ఫిబ్రవరి 14న ఆట మొదలవుతుందని చెప్పారు. 14 జట్లు. ప్రతి జట్టూ మిగతా 13 జట్లతో ఒక్కొక్కసారి ఆడుతుంది. మొత్తం 91 మ్యాచ్‌లు. పోయిన 2024-25 సీజన్లో ఒక్కో జట్టు 24 ఆడింది. ఇప్పుడు దాదాపు సగమే.

సగమైనా సరే, దొరికింది చాలనుకున్నాను. కానీ నెల్లూరు తీరంలోని మైపాడులో ఉండే మా మేనల్లుడు, పదో తరగతి కుర్రాడు, మొన్న ఫోన్ చేసి ఒక మాట అడిగాడు. “మామా, ఈసారి మనం ఎవరి పక్క?” అన్నాడు. “చెన్నై పక్కే కదరా, ఇంకెవురుండారు మనకి?” అన్నాను. వాడు కాసేపు ఆగి, “వాళ్లన్నా ఉంటారా మామా?” అన్నాడు.

గెలుస్తారా అని వాడు అడగలేదు. ఉంటారా అని అడిగాడు. ఈ కాలంలో ఫుట్‌బాల్ చూసే పిల్లవాడికి అలాంటి అనుమానం ఎందుకు రావాల్సి వచ్చిందో, ఆ అనుమానం పోవాలంటే మన తీరంలో మనం ఏం చేసుకోగలమో చెబుదామనే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

నెల్లూరు తీరంలో ఉండేవాళ్లకు సొంత జట్టు లేదు. ఉత్తరాన తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి నుంచి దక్షిణాన కృష్ణపట్నం దాటి తూపిలిపాలెం వరకూ చూసినా, ఆపైన ఆంధ్ర రాష్ట్రం మొత్తం చూసినా, సూపర్ లీగ్‌లో మన పేరుతో ఆడే జట్టు ఏదీ లేదు. 2020లో విశాఖపట్నం పేరు మీద, ఇంకో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో చోటు దక్కించుకున్న శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది. మన సముద్రపు ఊరి పేరు దేశమంతా వినిపిస్తుందని అప్పట్లో ఎంత సంతోషించామో. ఆ జట్టు ఆడింది మాత్రం హైదరాబాద్ శివార్లలోని సొంత మైదానంలో. బాగా ఆడింది కూడా. 2022-23లోనూ, 2023-24లోనూ వరసగా రెండో స్థానంలో నిలిచింది. విశాఖ కుర్రాళ్లు దాన్ని టీవీలోనే చూశారు.

అందుకని మేం పక్క ఊళ్ల జట్లను మనవిగా చేసుకున్నాం. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ఆస్పత్రికి చెన్నై, పెళ్లి బట్టలకు చెన్నై, చదువుకు చెన్నై అయినప్పుడు ఫుట్‌బాల్‌కు మాత్రం వేరే ఊరు ఎందుకవుతుంది? పైగా జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్‌కు బాగా దగ్గర. రైలు దిగి నడిచి పోవచ్చు. నీలం చొక్కాలు వేసుకున్న జనం మధ్య కూర్చుంటే అటు పక్క నుంచో ఇటు పక్క నుంచో తెలుగు మాట చెవిన పడుతుంది. సూళ్లూరుపేట వాళ్లు, గూడూరు వాళ్లు, తడ వాళ్లు. ఒకరికొకరు తెలియకపోయినా గోల్ పడగానే భుజాలు పట్టుకుని ఊపుకుంటారు. ఆట అయ్యాక సెంట్రల్‌లో రాత్రి రైలు కోసం ప్లాట్‌ఫారం మీద పేపర్లు పరుచుకుని కూర్చుని, రిఫరీని తిట్టుకుంటూ ఇడ్లీ పొట్లాలు విప్పుకోవడంలో ఉన్న ఆనందం నాకు వేరే ఏ వేడుకలోనూ దొరకలేదు.

చెన్నై ఊరి సూపర్ లీగ్ జట్టు చెన్నైయిన్ మా మనసులో గట్టిగా నాటుకున్న ఏడాది 2015. ఆ నవంబరు, డిసెంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఇటు నెల్లూరు, అటు చెన్నై రెండూ నీళ్లలో మునిగాయి. చెన్నైలో జరగాల్సిన సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌ను వరద కారణంగా పుణెకు తరలించారు. సొంత ఊరు నీళ్లలో ఉండగా పరాయి మైదానంలో ఆడి, కోల్‌కతా జట్టును 3-0 తేడాతో ఓడించారు. డిసెంబరు 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో ఫైనల్. ఎదురుగా గోవా జట్టే, వాళ్ల జనం మధ్య. 87వ నిమిషంలో గోవా రెండో గోల్ కొట్టి 2-1తో ముందుకెళ్లింది. ఇక అయిపోయిందనుకున్నాం. తొంభయ్యో నిమిషంలో చెన్నై వాళ్ల ఎదురుదాడిలో గోవా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతుల మీదుగానే బంతి వాళ్ల గోల్‌లోకి పోయింది. అది సొంత గోల్‌గా రాశారు. రెండు నిమిషాలు తిరక్కుండానే చెన్నై ఆటగాడు మెండోసా ఇంకొకటి కొట్టాడు. 3-2. వరదలో ఇంటి సామాన్లు ఆరబెట్టుకుంటున్న జనానికి ఆ రాత్రి నవ్వడానికి ఒక కారణం దొరికింది.

ఆ కట్టిమణి పేరు గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాడు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. తెలుగు నేల మీద, తెలుగు ఊరి పేరుతో, జి.ఎం.సి. బాలయోగి పేరున్న గచ్చిబౌలి మైదానంలో ఆడే జట్టు. నెల్లూరు నుంచి దూరమే, కానీ భాష మనది. మొదటి ఏడు అట్టడుగున నిలిచింది. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. పేరు లేని కుర్రాళ్లను పట్టుకుని, బంతిని భయం లేకుండా ఆడటం నేర్పాడు. 2021-22లో నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. జట్టు ఫైనల్‌కు చేరింది. 2022 మార్చి 20. మళ్లీ ఫతోర్డా. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టాండ్లన్నీ పసుపు పచ్చ. 88వ నిమిషం దాకా కేరళ 1-0తో ముందుంది. అప్పుడు సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా పోయి గోల్‌లో పడింది. అదనపు సమయంలో తేలలేదు. పెనాల్టీలకు వెళ్లింది. హైదరాబాద్ గోల్‌ ముందు నిలబడింది ఎవరనుకున్నారు? ఆ లక్ష్మీకాంత్ కట్టిమణే. ఆరేళ్ల కిందట అదే మైదానంలో తల దించుకుని వెళ్లినవాడు, ఈసారి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో హైదరాబాద్ విజేత.

చెన్నై, హైదరాబాద్ రెండు జట్లనూ మనవి అనుకున్న నెల్లూరు వాడికి ఆ మనిషి ఎంత దగ్గరివాడో చూడండి. ఒకసారి ఆయన నష్టం మాకు పండగయింది. ఇంకోసారి ఆయన పండగే మా పండగ. ఆయన గోవా మనిషి. మన తీరానికి ఆయనతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ రాత్రి టీవీ ముందు నిలబడి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

కానీ ఆ విజయంలో ఒక లోటు ఉంది. కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. హైదరాబాద్ ఛాంపియన్ అయిన ఏడు గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. అంతకు ముందు సీజనూ అంతే. అంటే ఆ జట్టు ఎదిగిన రెండేళ్లూ సొంత ఊరి జనం కళ్ల ముందు లేదు. పిల్లలు స్కూలు నుంచి వచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని స్టేడియానికి పోయి, ఆటగాళ్లు చొక్కాలు మార్చుకోవడం చూసి, వాళ్ల పేర్లు పలవరించుకుంటూ ఇంటికి రావాలి. అది జరగాల్సిన రోజుల్లోనే జరగలేదు. జట్టు హైదరాబాద్‌లో కాపురం పెట్టకముందే కప్పు వచ్చింది. కాపురం పెట్టాల్సిన నాటికి డబ్బు అయిపోయింది.

2023-24లో ఆ జట్టు పడ్డ పాట్లు చూస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. జీతాలు ఆగిపోయాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. జనవరి వచ్చేసరికి పేరున్నవాళ్లందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో జట్టును నడిపాడు. 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. ఆ ఒక్కటీ 2024 మార్చిలో చెన్నైలో, చెన్నైయిన్ మీద, 1-0. మా ఇంట్లో ఆ రాత్రి చెన్నై ఓడిందని ఒక్కరు కూడా బాధపడలేదు. జీతం లేకుండా ఆడుతున్న పిల్లలు గెలిస్తే ఎవరికి కోపం వస్తుంది?

తర్వాత కొత్త యజమాని వచ్చాడు. ఒక సీజన్ ఆడారు, 13 జట్లలో 12వ స్థానం. 2025లో జట్టును ఢిల్లీకి తరలించి పేరు మార్చేశారు. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

నేను దీన్ని ఢిల్లీ వాళ్ల తప్పనడం లేదు. వాళ్లకూ ఇదే గాయం ఉంది. 2019లో ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడు పుణె జట్టు మూతపడితే, ఆ ఖాళీలోనే మన హైదరాబాద్ జట్టు పుట్టింది. అంటే పుణె పిల్లవాడు ఏడ్చిన చోట మనం నవ్వాం. ఇప్పుడు మనం ఏడ్చిన చోట ఢిల్లీ పిల్లవాడు నవ్వుతున్నాడు. ఒక ఊరి ఆనందానికి ఇంకో ఊరు ఖాళీ కావాల్సిన పద్ధతిలో ఏదో పెద్ద లోపం ఉంది. అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కు పోతే మళ్లీ పైకి రావచ్చు. ఊరు వదిలి పోయిన జట్టు మళ్లీ రాదు.

అదే 2025 డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో జనం పోటెత్తారు. తెలంగాణ ముఖ్యమంత్రి కూడా ఫుట్‌బాల్ చొక్కా వేసుకుని బంతి ఆడారు. మెస్సీని చూసి మురిసిపోయిన పిల్లల్ని నేను తప్పు పట్టను, మా వాడూ ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూశాడు. ఫుట్‌బాల్‌కు ఇక్కడ జనం లేరు అనే మాట మాత్రం ఇక ఎవరూ అనకూడదు. జనం ఉన్నారు. కొన్ని నెలల ముందే తమ జట్టును పోగొట్టుకున్న ఊరే అంత మందితో నిండింది. వాళ్లకు ప్రతి పదిహేను రోజులకూ చూడటానికి ఏమీ లేదు, అంతే.

ఇప్పుడు చెన్నై సంగతి. మా వాడి అనుమానం ఊరికే పుట్టలేదు. లీగ్ ఆగిపోయాక 2025 ఆగస్టులో బెంగళూరు క్లబ్బు జీతాలు నిలిపేస్తున్నామని ప్రకటించింది. ఆ వెంటనే చెన్నైయిన్ కూడా తన కార్యకలాపాలను నిరవధికంగా ఆపుతున్నామంది. రెండుసార్లు ఛాంపియన్ అయిన జట్టు అది. 2015 తర్వాత 2018 మార్చిలో బెంగళూరును వాళ్ల సొంత కంఠీరవ మైదానంలోనే 3-2తో ఓడించి కప్పు తెచ్చుకుంది. ఆ జట్టులో ఉత్తర చెన్నై వ్యాసర్‌పాడి బస్తీ నుంచి వచ్చిన ధనపాల్ గణేశ్ ఉన్నాడు. అలాంటి క్లబ్బు తలుపులు వేసుకుంటామన్నప్పుడు ఇక నిలిచేదెవరు? డిసెంబరులో ముంబయి జట్టు నుంచి, అందులో పెట్టుబడి పెట్టిన సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ కూడా తప్పుకుంది. ప్రపంచంలో అంత పెద్ద సంస్థకే ఇక్కడ భవిష్యత్తు కనిపించకపోతే మిగతావాళ్ల మాటేమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆట విషయంలోనూ దిగులు ఉంది. పోయిన సీజన్లో చెన్నై 11వ స్థానంలో నిలిచింది. ఆటగాళ్లు నెలల తరబడి మ్యాచ్ ఆడలేదు. చాలా క్లబ్బుల నుంచి విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొద్దివారాల సాధనతో మైదానంలోకి దిగుతున్నారు. 13 మ్యాచ్‌లంటే మొదటి మూడు నాలుగు పోగొట్టుకున్నవాడికి కోలుకునే వ్యవధి ఉండదు. కండరాలు పట్టేసి ఎందరు బయట కూర్చుంటారోనని నాకు భయంగా ఉంది. ఇంకోపక్క ఇందులోనే ఒక ఆశ కూడా ఉంది. ఖరీదైన విదేశీయులు తగ్గితే మన కుర్రాళ్లకు చోటు దొరుకుతుంది. గోల్ కొట్టాల్సిన స్థానంలో మనవాళ్లను ఆడించరని ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాం. భారత జట్టు ఆసియా కప్పుకు అర్హత పోగొట్టుకున్న తీరు చూడండి. హాంకాంగ్ మీద ఓటమి, సింగపూర్ మీద ఓటమి, బంగ్లాదేశ్ మీద ఓటమి, అన్నీ ఒక్క గోల్ తేడాతోనే. ఆ ఒక్క గోల్ కొట్టేవాడు మనకు కావాలి. ఈ చిన్న సీజన్లో అలాంటివాడు ఒక్కడు బయటపడినా ఈ కష్టమంతా వృథా కాలేదనుకుంటాను.

పాతవాళ్లు కొందరు నన్ను ఓదారుస్తూ, మన దగ్గర ఒకప్పుడు ఎంత ఫుట్‌బాల్ ఉండేదో చెబుతారు. నిజమే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం. జకార్తా నాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1977లో పీలే కోల్‌కతా వచ్చి కాస్మాస్ జట్టుకు ఆడినప్పుడు, మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకడు హైదరాబాద్ మహమ్మద్ హబీబ్. మ్యాచ్ 2-2గా ముగిసింది.

ఈ చరిత్ర చెప్పుకుని గర్వపడటం వరకే ఆగిపోతే నాకు తృప్తిగా ఉండదు. ఆ జట్లు ఎందుకు నిలిచాయో చూడాలి. పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. బడిలో మైదానం ఉండేది. రహీమ్ పిల్లలకు రెండు కాళ్లతోనూ ఆడటం రావాలని, బలం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. దానికి కోట్లు అక్కర్లేదు, రోజూ వచ్చి నిలబడే పంతులు కావాలి. ఆ ఆటగాళ్లు ధనవంతులు కాలేదు, కానీ వచ్చే ఏడు జట్టు ఉంటుందా అని ఆ ఊరి పిల్లలు ఎప్పుడూ అడగలేదు. ఎందుకంటే జట్టు ఊళ్లోనే పుట్టింది. దాన్ని తీసుకుపోవడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. నా ఆశంతా ఇక్కడే ఉంది.

కేరళకు దక్షిణపు కొసన పొళియూర్ అనే చేపలవాళ్ల ఊరు ఉంది. ఆ ఒక్క పల్లె నుంచి సంతోష్ ట్రోఫీ ఆడినవాళ్లు ఎందరో. అక్కడికి దగ్గర్లోనే, తమిళనాడు వైపు, కన్యాకుమారి జిల్లాలో ఎరవిపుత్తన్‌తురై అనే పల్లె. సూపర్ లీగ్‌లో మెరుపులా పరిగెత్తిన మైకేల్ సూసైరాజ్ ఆ ఊరి మత్స్యకారుల బిడ్డ. మన చెన్నైయిన్‌కు ఆడిన జాబీ జస్టిన్ తిరువనంతపురం తీరంలోని వెట్టుకాడు వాడు. వాళ్లందరూ మొదట ఆడింది ఇసుకలోనే. ఇసుకలో పరిగెత్తినవాడి పిక్కలకు గట్టినేల మీద అలుపు ఉండదు. ఆ పల్లెల్లో చర్చి వాళ్లో, కుర్రాళ్ల సంఘం వాళ్లో ప్రతి ఏటా పోటీలు పెడతారు. ఊరు ఊరంతా వచ్చి చూస్తుంది. అక్కడి ఇసుకకూ మైపాడు ఇసుకకూ తేడా ఏముంది? అక్కడి తండ్రులు లాగే వలలకూ రామతీర్థంలో, ఊటుకూరులో, కోడూరులో లాగే వలలకూ తేడా ఏముంది? తేడా ఆ పోటీల్లో ఉంది. ఏటా, అదే నెలలో, తప్పకుండా జరిగే పోటీల్లో ఉంది.

మన దగ్గర రొయ్యల గుంటలు వచ్చాక ఊళ్ల చుట్టూ ఖాళీ నేల తగ్గిపోయింది. బడి మైదానం లేని పల్లెలు చాలా ఉన్నాయి. కానీ సముద్రపు ఒడ్డు ఎవరి సొంతమూ కాదు. పోటు తగ్గినప్పుడు తడి ఇసుక ఎంత చదునుగా, ఎంత గట్టిగా ఉంటుందో తీరంలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి. నాన్నలు, బాబాయిలు ఇంటి పట్టున ఉంటారు. ఆ రోజుల్లోనే బడులకు వేసవి సెలవులు. పెద్దలూ పిల్లలూ ఒకేసారి ఖాళీగా ఉండే కాలం మన తీరానికి ఏడాది మొత్తంలో అదొక్కటే. ఆ రోజుల్లో పల్లెకు ఒక జట్టు చొప్పున మన సీజన్ మనం ఎందుకు పెట్టుకోకూడదు? ఎండ మండుతుంది కాబట్టి తెల్లవారుజామున ఒకటి, పొద్దు వాలాక ఒకటి ఆడొచ్చు. గోల్ స్తంభాలకు సరుగుడు కర్రలు ఉన్నాయి. చిరిగి పక్కన పడేసిన వలలు ప్రతి ఇంటి వెనకా ఉన్నాయి. ఇంత మంచి గోల్ వల ఏ పట్నం మైదానంలోనూ దొరకదు. కావలసింది బంతులు, ఆటను నేర్పే ఒకరిద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు, తగువు వస్తే తీర్చే ఊరి పెద్దలు. ఊళ్ల మధ్య వలల తగాదాలు ఉన్న మాట నాకు తెలుసు. అందుకే రిఫరీలు మూడో ఊరి నుంచి రావాలి. అనంతపురంలో ఆర్‌డీటీ సంస్థ పల్లె పిల్లలతో ఎన్నో ఏళ్లుగా ఫుట్‌బాల్ ఆడిస్తోంది. వర్షాలే సరిగ్గా పడని చోట సాధ్యమైంది మన దగ్గర ఎందుకు కాదు?

ఆడపిల్లల జట్లు కూడా ఉండాలి. ఇది నేను మొహమాటానికి చెప్పడం లేదు. ఇవాళ తెలుగు ఫుట్‌బాల్‌లో అందరికంటే పెద్ద పేరు నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యది. పోయిన సీజన్లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ ఆమె. క్రొయేషియా వెళ్లి అక్కడి క్లబ్బుకు ఆడి వచ్చింది. మన మహిళల జట్టు అర్హత పోటీల్లో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే ఓడించి, 2026 మార్చి 1 నుంచి ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్పుకు వెళుతోంది. మగవాళ్ల జట్టుకు దక్కనిది వాళ్లు సాధించారు. ఇస్కపల్లిలోనో తుమ్మలపెంటలోనో చేపలు ఎండబెడుతున్న అమ్మ పక్కన కూర్చున్న పిల్ల కూడా ఆ మ్యాచ్‌లు చూడాలి. ఇంట్లో టీవీ రిమోట్ ఆమె చేతికి ఇవ్వండి.

ఇంకో అదృష్టం కూడా ఈ ఏడాదికే ఉంది. అమెరికా, కెనడా, మెక్సికోల్లో జరిగే ప్రపంచ కప్ మన లెక్క ప్రకారం జూన్ 12న, అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. ఈసారి 48 జట్లు. మన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. అంటే మొదటి రెండు మూడు రాత్రులు తీరం మొత్తం ఇంట్లోనే, మేలుకునే ఉంటుంది. మన పిల్లల ఫైనల్ జూన్ 11 సాయంత్రం పెట్టుకుంటే, కప్పు ఇచ్చేసి, అన్నాలు తిని, ఊరంతా కలిసి ప్రపంచ కప్ మొదటి మ్యాచ్ చూడొచ్చు. మరుసటి ఏడు మళ్లీ అదే తేదీలకు మన పోటీలు మనకు ఉంటాయి. చెన్నై జట్టు ఉన్నా ఉంటాయి, లేకపోయినా ఉంటాయి.

చెన్నై ఉండాలనే నా కోరిక. ఈ 14 తర్వాత వాళ్ల మొదటి సొంత మ్యాచ్ ఏ తేదీనో చూసుకుని మా వాణ్ణి తీసుకుని రైలెక్కుతాను. స్టేడియం నిండాలి. టికెట్టు కొని కూర్చున్న ప్రతి మనిషీ ఆ క్లబ్బుకు, ఇక్కడ జనం ఉన్నారు, పోవద్దు అని చెబుతున్నట్టే. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఉంటే కలిసి వెళదాం. గెలిచే జట్టేనా అని అడక్కండి, ఈ ఏడు వాళ్లకు మన గొంతు చాలా అవసరం.

వచ్చే ఆదివారం నుంచి ఊరూరా తిరిగి వ్యాయామ ఉపాధ్యాయులతో, పెద్దలతో మాట్లాడదామని నేనూ, నా స్నేహితులు కొందరూ అనుకున్నాం. మొదట మైపాడు, తర్వాత కోడూరు, ఆ తర్వాత ఉత్తరం వైపు. మీ ఊళ్లో పదకొండు మంది పిల్లలు ఉంటే చాలు, పేర్లు రాసి పెట్టండి. ఏప్రిల్ 15కు ఇంకా రెండు నెలల పైన వ్యవధి ఉంది.